బిగించిన మరలు

ఆమె ఇల్లు ఊడ్చడం వెనక గదిలో, భర్త లేత్ మిషన్ కింద మొదలయ్యేది. అక్కడ రాలిన ఇనప రజను చీపురుకు లొంగదు, అరికాలికి మాత్రం ఇట్టే దొరుకుతుంది. అయస్కాంతానికి గుడ్డ చుట్టి, మోకాళ్ళ మీద కూర్చుని ఏరేది. "పగలంతా ఇంట్లో ఉండి ఏం చేస్తావమ్మా?" అని అత్తగారు అడిగేది, ఆ పక్క గదిలోనే కాళ్ళు చాపుకుని.

మిషన్ పాతది, బల్ల మీద పట్టేంత చిన్నది. ఆఫీసు నుంచి వచ్చాక ఆయన సరదా అదొక్కటే, ఇనప, ఇత్తడి గుబ్బలు చెక్కి స్నేహితులకు పంచడం. "ఏమే, దీని జోలికొచ్చావా?" అని రోజూ అడిగేవాడు. "ఆడవాళ్ళు ముట్టుకున్న మిషన్ బాగుపడ్డట్టే!"

"లేదండీ, ముట్టుకోలేదు," అనేది.

దేన్నయినా బిగిస్తేనే మాట వింటుందని ఆయన నమ్మకం. పని కుదరనప్పుడల్లా, కత్తిని మోసే స్లైడ్ పక్కనున్న చిన్న మరలను ఇంకాస్త బిగించేవాడు. దాంతో హ్యాండిల్ మొరాయించేది. ఆ పూట కూరలో ఉప్పెక్కువయ్యేది, కూతురి మార్కులు తక్కువయ్యేవి, పుట్టింటి వాళ్ళంతా పేరుపేరునా తిట్లు తినేవారు.

అందుకే మొదలుపెట్టింది, ఇంట్లో కాస్త ప్రశాంతత కోసం. ఆయన ఆఫీసుకెళ్ళాక జిడ్డు తుడిచి, నూనె చుక్కలు వేసి, మరలన్నీ వదులు చేసి, మళ్ళీ ఒక్కొక్కటే మెల్లగా తిప్పేది. స్లైడ్ ఊగకూడదు, పట్టేయకూడదు. ఆ రెంటికీ మధ్య ఎక్కడో హ్యాండిల్ ఒక్క వేలికి తిరుగుతుంది. అది కుదిరిన క్షణం ఆమెకు గొప్ప సంతోషంగా ఉండేది. దాన్ని ఎవరితోనూ చెప్పుకునే వీలు లేదు. సాయంత్రం ఆయన "చూశావా, నా చేతి గుణం!" అని మురిసిపోతుంటే కాఫీ అందించేది.

మొన్న స్నేహితుడొకాయన హ్యాండిల్ తిప్పి చూసి, కొత్తదానిలా ఉందే అన్నాడు. "నేను మిషన్‌ని చూసుకున్నట్టు మా ఆవిడ ఇంటిని చూసుకుంటే ఎంత బాగుండేదో!" అన్నాడు ఈయన. అందరూ నవ్వారు. ట్రే పట్టుకుని ఆమె కూడా నవ్వింది. అలా నవ్వినందుకే వంటింట్లోకి వచ్చి ఏడ్చింది.

వచ్చే ఆదివారం పనితనం చూపిస్తానని ఆయన వాళ్ళందరినీ పిలిచాడు. ఆ వారమంతా రజను ఏరింది, నేల తుడిచింది. ఆయన రోజూ బిగించాడు. ఆమె వదులు చేయలేదు.

ఆదివారం హ్యాండిల్ కదల్లేదు. ఆయన బలమంతా పెట్టి తిప్పాడు. కత్తి ఒక్కసారిగా ముందుకు దూకి, ఇత్తడిలో దిగబడి విరిగింది. ఆ కీచు చప్పుడుకు వంటింట్లో ఉన్న ఆమె పళ్ళు జివ్వుమన్నాయి. సంతోషమేమీ కలగలేదు. పాపం, మిషన్ ఏం చేసింది అనుకుంది.

"ఏమే! ఏం చేశావ్ దీన్ని?"

చేతులు తుడుచుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడింది. స్నేహితులందరూ ఆమె వైపే చూస్తున్నారు.

"ముట్టుకోలేదండీ," అంది. ఏళ్ళుగా చెబుతున్న మాటే. నిజమవడం మాత్రం ఇదే మొదటిసారి.