పులసల సైటులో పద్నాలుగో లైను

నేను ఒక కాన్ఫిగరేషన్ ఫైలుని. ధవళేశ్వరంలో పులసలు అమ్మే ఓలేటి ధర్మారావు గారి వెబ్‌సైటుకి ఎలా నడవాలో చెప్పేది నేనే. నాలో ఉన్నవి ఇరవై లైన్లు, వాటిలో పద్నాలుగో దాన్ని చూస్తే అందరికీ హడలు.

ఆరేళ్ల కిందట అవధాని గారనే ప్రోగ్రామరు నన్నొక బట్టల కొట్టు సైటు కోసం రాశారు. ఈ వృత్తిలో కొత్త పనికి పాత ఫైలునే కాపీ కొట్టుకోవడం ఆచారం. అలా బట్టల్లోంచి చేపల్లోకి వచ్చిపడ్డాను. పద్నాలుగో లైను పక్కన ఆయన, 'ఇది తీయకండి. ఎందుకో నాకూ తెలియదు' అని రాసిపెట్టారు. తర్వాత వచ్చినవాళ్లంతా అది చదివి, దానికో దండం పెట్టి ఊరుకున్నారు.

ధర్మారావు గారు పెట్టుకున్న ప్రోగ్రామరు మృదుల ఈ సైటుని జావా అనే కంప్యూటరు భాషలో, రియాక్టివ్ అనే కొత్త పద్ధతిలో మూడు నెలలు కష్టపడి రాసింది. పాత పద్ధతంటే హోటల్లో బల్లకొక సప్లయరు వంటయ్యేదాకా అక్కడే నిలబడటం. కొత్త పద్ధతిలో నలుగురే సప్లయర్లు వంటింట్లో ఆర్డర్లు చెప్పేసి, ఈలోగా మిగతా బల్లలు చూసుకుంటారు. ఇంత చేసినా, తొలి ఆదివారం పదింటికి అమ్మకం మొదలై వేలమంది మీదపడగానే సైటు కుప్పకూలింది.

"వచ్చే ఆదివారం కూడా పడుకుందంటే ఫోన్లోనే అమ్ముకుంటానమ్మాయ్. నువ్వు వేరే పని చూస్కో," అన్నారు ధర్మారావు గారు. పైగా కంప్యూటరుకి నిమ్మకాయలు కట్టించారు.

పాపం, మృదుల వారమంతా తన కోడునే తిట్టుకుంటూ వెతికింది. నావైపు చూడవే తల్లీ అని అరుద్దామంటే నాకు నోరేదీ? శనివారం మధ్యాహ్నానికి నన్ను తెరిచి, పద్నాలుగో లైను దగ్గర ఆగిపోయింది. పాత పద్ధతిలోనే నడవమని సైటుకి చెబుతున్నది అదే! వెంటనే అవధాని గారికి ఫోన్ చేసింది.

"తీసెయ్యమంటారా సార్?"

"నేనైతే తీయనమ్మా. నీ ఇష్టం," అన్నారాయన.

కళ్లు గట్టిగా మూసుకుని తీసేసింది. దాంతోపాటు వచ్చిన పాత లైబ్రరీని, అంటే ఎవరో రాసిపెట్టిన అరువు కోడుని కూడా సాగనంపింది.

ఆదివారం నలభై పులసలూ మూడు నిమిషాల్లో అయిపోయాయి. సైటు చెక్కుచెదరలేదు. మృదుల ఏడ్చేసింది, నాకూ ఏడుపొచ్చింది.

"ఏం చేశావమ్మాయ్?" అని అడిగారు ధర్మారావు గారు.

"ఒక లైను తీసేశానండి."

ఆయన గడ్డం గోక్కున్నారు. "ఒక్కటి తీస్తేనే ఇంత బాగా నడిచిందా? అయితే మిగతావి కూడా తీసెయ్ తల్లీ!"

మృదుల పకపకా నవ్వింది. ఆయన మాత్రం నవ్వడం లేదు. మిగిలిన పంతొమ్మిది లైన్లనూ గుండెకు హత్తుకున్నాను.