కడిగిన చేయి

సగం కాల్చిన బీడీ ఆర్పి చెవి వెనక పెట్టుకుని, సీసాలోని నీళ్లతో పర్శరాములు మళ్లీ చేతులు కడుక్కున్నాడు. చెప్పులు దూరంగా విడిచాడు. రామవ్వ కుప్పలోంచి గుప్పెడు వడ్లు తీసి, కళ్లకద్దుకున్నాకే తేమ మిషన్‌లో పోశాడు.

సుల్తానాబాద్ దాటాక ఉన్న ఆ వడ్ల కొనుగోలు కేంద్రంలో తేమ చూసేదీ, కాంటా పెట్టేదీ అతనే. కొన్నేళ్లుగా ప్రతి కోతకూ అదే పని. పొట్టి మనిషి. ముందుకు వంగిన మెడ, పొట్టు పట్టి బంగారు రంగుకు తిరిగిన కనుబొమలు. లక్ష్మిని ఎంగిలి చేత్తో ముట్టొద్దని వాళ్ల అవ్వ చిన్నప్పుడు చెప్పింది. ఆ మాట ఏనాడూ తప్పలేదన్నదే అతని లోపలి గర్వం.

మిషన్ పద్దెనిమిది చూపింది. పదిహేడు దాటితే తూకం లేదు.

"ఇంకింత ఎండాలె అక్కా."

కౌలుకు చేసుకునే రామవ్వ ఒక గింజ కొరికింది. "కటుక్కుమంటున్నయ్ తమ్మీ. ఇంకేం ఎండుతయ్, నా లెక్కనా?"

"మిషన్ అవద్దమాడుతదా?"

"మిషన్ ఆడది. నీ మొకం జూసి దానికి చెమట వట్టినట్టుంది."

హమాలీలు నవ్వారు. అతనూ నవ్వాడు.

పగలంతా ఆమె పాదాలతో సాళ్లు తీస్తూ వడ్లు తిరగేసింది. ఆమె వెళ్లిన దారి వెంటే పిచ్చుకలు గెంతాయి. గింజలు ఎండకు కాలి, కాళ్ల కింద గలగలమన్నాయి.

పొద్దు వాలుతుండగా కేంద్రం నడిపే మహిళా సంఘం పెద్ద అనసూర్య వచ్చింది. పర్శరాములు చేతులు కడుక్కునేలోగా తన టిఫిన్ డబ్బా మూతతో వడ్లు తోడి మిషన్‌లో పోసింది. పదమూడు.

అతను నమ్మలేదు. చేతులు కడుక్కుని తనే గుప్పెడు తీసి పోశాడు. పదహారు. ఆమె మళ్లీ మూతతో పోసింది. పదమూడే.

అనసూర్య అతని చేతికేసి చూసింది. గింజలు కొన్ని అరచేతికి అంటుకునే ఉన్నాయి. వేలి చివర నీటిబొట్టు వేలాడుతోంది.

"నీ చెయ్యి తడి మామా."

"గందుకేనా, పోయినేడు మా బామ్మర్ది వడ్లు ఎంతకూ ఎండకపాయె?" అన్నాడొక హమాలీ. ఈసారి అందరూ పగలబడి నవ్వారు.

పర్శరాములు చేతిని లుంగీకి తుడుచుకున్నాడు. తుడుస్తూనే ఉన్నాడు.

కాంటా పెడితే రామవ్వ అనుకున్నదానికి రెండు బస్తాలు తగ్గాయి. పొద్దున్నే తూచి ఉంటే ఆ బరువు ఆమెదే. అనవసరంగా ఎండబెట్టించి గాలిలో కలిపేశాడు. ఇన్నేళ్లుగా తాను ఎండలోకి తిప్పి పంపినవాళ్ల ముఖాలు ఒకదాని వెనక ఒకటి గుర్తుకొచ్చాయి. ఎవరూ ఎదురు చెప్పలేదు, మిషన్ మాట కదా అని.

"అక్కా," అన్నాడు.

"పోనియ్ తమ్మీ," అంది రామవ్వ, వడ్లు ఆరబోసిన పరదా మడుస్తూ. "మొక్కుడు లక్ష్మికి, కోత నాకు. నువ్వు మాత్రం కావాల్నని జేసినవా?"

తిట్టినా బాగుండేదనిపించింది. తల ఎత్తకుండా చివరి బస్తా మూతి కుట్టి, చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాడు.

మరునాడు అతను రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. కూతురింటికి కాగజ్‌నగర్ పోయిండట, ఇగ రాడట అని ఎవరో చెప్పారు.

ఎప్పుడు తెచ్చి పెట్టాడో, మిషన్ పక్కన స్టీలు గ్లాసు ఒకటి బోర్లించి ఉంది, చుక్క తడి లేకుండా తుడిచి. అంచు కింద చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేర్లు, పెళ్లినాటివి: పర్శరాములు, కమలవ్వ.