యోసేపు చావుకు కారణం

గుమ్మం బయట చెప్పులు విడుస్తున్న అమ్మాయి మెడలో కార్డు, చేతిలో ట్యాబు చూసి కృపమ్మ మగ్గం దగ్గర నుంచి లేవలేదు. కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇళ్లకు అలాంటి వాళ్లు ఊరికే రారు.

"అమ్మా, నా పేరు సుభాషిణి. ఆరోగ్య సర్వేకు వచ్చిన. కరోనా టైంల మీ ఇంట్ల ఎవరన్నా చనిపోయిండ్రా?"

భర్త యోసేపు పోయి మూడేళ్లు దాటింది. ఇన్నాళ్లూ ఎవరికీ పట్టని చావు ఇప్పుడెందుకు కావాల్సి వచ్చింది?

"మా ఇంటి సంగతి నీకు ఎవలు చెప్పిండ్రు?"

"ఎవలు చెప్పలేదమ్మా. వాడల ప్రతి ఇంటికీ పోతున్న. అప్పుడు ఎంతమంది దేనితోని పోయిండ్రో సరిగ్గ తెల్వకుంటే, రేపు ఇసొంటిది ఇంకోటొస్తే ఎన్ని బెడ్లు, ఎంత ఆక్సిజన్ కావాల్నో ఎట్ల తెలుస్తది?"

మాట తేనెలా ఉంది. కృపమ్మకు భయమూ అక్కడే. ఆ కరోనా ఏడాది కూడా ఇలాగే ఒకాయన మెత్తగా మాట్లాడి జ్వరమొచ్చినవాళ్ల పేర్లు రాసుకుపోయాడు. సాయంత్రానికల్లా వాకిలికి అడ్డంగా వెదురు కర్రలు కట్టారు. పాలవాడు రావడం మానేశాడు. యోసేపును మట్టి చేశాక చాలా నెలల దాకా చర్చిలో ఆమె కూర్చున్న చాప మీద ఇంకొకరు కూర్చోలేదు.

"గుండెపోటు," అంది.

"జ్వరం ఏమన్నా వచ్చిందా?"

"లేదు."

"దగ్గు, ఆయాసం?"

"చెప్తున్న గదా గుండెపోటని! కాయితం సుత ఉన్నది."

కాగితం ఉన్న మాట నిజమే. అయిదు రోజులు జ్వరంతో కాలిపోయిన మనిషికి దవాఖానలో బెడ్ దొరకలేదు. గేటు ముందు ఆటోలోనే ఊపిరి ఆగింది. పరీక్షే చేయలేదు కాబట్టి గుండె ఆగి చనిపోయాడని రాసిచ్చారు.

సుభాషిణి అదే రాసుకుని బయటికి నడిచింది. ఈ పిల్ల ఎటు పోతుందో చూద్దామని కృపమ్మ కూడా బయటికొచ్చి, నూలు ఆరేసే వంకతో గోడ పక్కన నిలబడింది. అవతల పక్కింటి మొగిలమ్మ గొంతు వినిపించింది.

"మా పెద్దోడు హరికృష్ణనా? పచ్చకామెర్లు ముదిరినయి బిడ్డా."

కృపమ్మ చేతిలో నూలు అలాగే ఉండిపోయింది. రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. పదకొండు రోజులు ఆ పిల్లవాడు దగ్గిన దగ్గు ఆమె విన్నది. అల్లం కషాయం ఈ గోడ మీది నుంచే అందించింది. మొగిలమ్మ అబద్ధమాడే మనిషి కాదు. అయినా ఆడింది, తనలాగే. ఇక ఎదురింటి వాళ్లు ఏం చెబుతారో ఊహించుకోవడం కష్టం కాలేదు. ఈ వాడలో ఆ జబ్బుతో ఒక్కరూ పోలేదని ఎక్కడో రాసి పెట్టుకుంటారు.

"ఓ మేడం, జర ఆగు!"

వాకిట్లో నిలబడే కృపమ్మ అంతా చెప్పింది. జ్వరం, ఆయాసం, గేటు, ఆటో. చెప్పాక కూడా అనుమానం పోలేదు.

"ఏం రాసినవో సదివి వినిపియ్యి."

సుభాషిణి చదివింది.

"ఇది ఎవల చేతికి పోతది?"

"హైదరాబాదుకు పోతదమ్మా. అటెన్క ఏం చేస్తరో నాకు తెల్వది."

ఆ పిల్ల చెప్పిన వాటిలో కృపమ్మ పూర్తిగా నమ్మింది ఆ ఒక్క మాటనే.

ఆ అమ్మాయి తన ఫోన్ నెంబరు ఇచ్చి వెళ్లగానే మొగిలమ్మ గోడ దగ్గరికొచ్చింది. "నీది చెప్పుకుంటే చెప్పుకున్నవ్ గని, మావోని పేరు ఎత్తకు వదినె. చిన్నోనికి పిల్లను చూస్తున్నం."

"నేనెందుకు ఎత్తుతనే?"

తరువాత వారం రోజులు గల్లీలో కొత్త ముఖం కనబడితే చాలు, కృపమ్మ మగ్గం ఆపి గుమ్మంలోకి వచ్చి చూసేది. ఎవరూ రాలేదు. ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి మొగిలమ్మ గోడ దగ్గర నిలబడి ఉంది.

"వదినె, ఆ సర్వే పిల్ల నెంబరు ఉన్నదా నీ కాడ?"

ఎందుకని కృపమ్మ అడగలేదు. ఫోన్ తీసి ఒక్కొక్క అంకె మెల్లగా చెప్పింది.