గిరి చూపిన బోరు పాయింట్లు

తన గడప ముందు ఆంజినప్ప తల వంచుకుని నిలబడే రోజు కోసం భారతి ఎనిమిదేళ్లుగా కాచుకుని ఉంది. ఆ రోజు రానే వచ్చింది.

ఎనిమిదేళ్ల కిందట ఆమె తమ్ముడు గిరికి పదిహేడేళ్లు. చదువు మానేశాడు, నిద్రపోయేవాడు కాదు, నేల కింద ఎవరో మాట్లాడుతున్నారనేవాడు. ఇంకెక్కడైనా అయితే గాలి సోకిందనేవారు. గార్లదిన్నె పక్కన వాళ్ల ఊళ్లో వెయ్యడుగుల బోర్లు కూడా దుమ్మే కక్కుతున్నాయి. అందుకని ఆంజినప్ప, పిల్లోడికి నీళ్లు వినబడుతున్నాయన్నాడు. బోరు లారీల ఏజెంటు మరి, ఇంకేమంటాడు! గిరి చెప్పులు విప్పించి, అరచేతిలో టెంకాయ పెట్టి, బోరు వేసే పాయింట్లు చూపించమని మూడేళ్లు చేను చేనుకూ తిప్పాడు. వినబడుతోందా అని అడిగిన కొద్దీ వాడికి ఇంకా గట్టిగా వినబడింది. బోర్లు ఎండితే జనం కొట్టింది మాత్రం గిరినే. చివరికి ఆసుపత్రికి తీసుకుపోతే డాక్టరమ్మ, మొదట్లోనే తెచ్చి ఉంటే బాగుండేదంది. భారతి ఆశా వర్కరుగా చేరింది ఆ కసితోనే. గిరి ఇప్పటికీ మూలన కూర్చుని తనలో తను గొణుక్కుంటాడు.

ఇప్పుడు ఆంజినప్ప కొడుకు కేశవ వంతు. చెవులు మూసుకోవడం, అన్నంలో ఏదో కలిపారనడం, స్నేహితులను తప్పించుకోవడం, అన్నీ భారతి నెల రోజులుగా చూస్తూనే ఉంది. చూసి కూడా నోరు మెదపలేదు. బాగా అయింది అనుకుంది, దాచడమెందుకు!

వీణ్ని ఏ డాక్టరుకు చూపించాలో నువ్వే చెప్పాలని ఆంజినప్ప ప్రాధేయపడ్డాడు. తండ్రి వెనక నుంచి కేశవ మెల్లగా అడిగాడు.

"అక్కా, వాళ్ల మాటలు నీకూ వినపడతాండాయా?"

మొదటి రోజు గిరి కూడా ఇదే అడిగాడు. అప్పుడామె నవ్వేసింది. ఇప్పుడు మాత్రం సిగ్గుతో చచ్చిపోయింది. తను పగ తీర్చుకున్నది ఎవరి మీద? ఈ పసివాడి నెల రోజులు తనే మింగేసింది.

"నాకు వినపడల్యా నాయనా. నీకు వినపడతాండాయంటే నమ్ముతా. దానికి మందుండాది, పోదాం పా."

అనంతపురం బస్సు కోసం నిలబడ్డప్పుడు ఆంజినప్ప ఆమె కాళ్లకు వంగబోయాడు. భారతి పక్కకు జరిగింది.

"నీ మీద జాలితో రాలేదు మామా. కేశవ బాగుపడల్ల, కాలేజీకి పోవల్ల. వాన్ని చూసినప్పుడంతా, అప్పుడే డాక్టరుకు చూపించింటే మా గిరి గూడా ఇట్లే ఉండేవాడని నువ్వు కుమిలిపోవల్ల. నాకది చాలు."