ఆరు కమానుల వంతెన

తేంగాయితిట్టు దారిలోని పాత వంతెనను ఫోటో తీసి పారీసుకు పంపాలని మా పుదుచ్చేరి వంతెనల కచేరీ దొరకు బుద్ధి పుట్టింది. పిలిస్తే వచ్చే ఫోటోగ్రాఫర్ని నేనే కాబట్టి ఆ పని నా నెత్తిన పడింది. మూడుకాళ్ళ కొయ్య, కెమెరా పెట్టె, గాజుపలకలు, నల్లగుడ్డ మోసుకుని ఆ ఎండలో ఏటి ఒడ్డుకు చేరేసరికి దొర మీద, వంతెన మీద, దాన్ని కట్టినవాళ్ళ మీద సమానంగా ఒళ్ళు మండుతోంది.

వంతెన కావలివాడు చెంగల్రాయన్ ఉతికిన తలపాగా చుట్టుకుని ఎదురొచ్చాడు. ముప్పై రెండేళ్ళ కొలువు ఆయనది. వచ్చే నెల నుంచి పింఛను.

"నేను గూడా పడతానా విజయరంగా?"

"వంతెనను మాత్రమే తియ్యమన్నారు మామా. పక్కకు జరుగు."

జరిగాడు. మొహం చిన్నబోయింది. నేను పట్టించుకోలేదు, అందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

మర్నాడు కచేరీలో గుమాస్తా సుందరమూర్తి ఫోటో మీద వేలు పెట్టి మూడుసార్లు లెక్కపెట్టాడు. ఏడు కమానులు. దస్త్రంలో ఆరు. చెంగల్రాయన్ రోజూ పొద్దున్నే కమానులు లెక్క చూసుకుని, నెలకోసారి "ఆరూ క్షేమం" అన్న కాగితం మీద వేలిముద్ర వేసేవాడు. ఇన్నేళ్ళలో కచేరీ నుంచి ఒక్కరూ వెళ్ళి చూడలేదు. కాగితం ఉండగా వంతెనతో వాళ్ళకేం పని?

దొర మొదట చెంగల్రాయన్ను, ఆ తరువాత నన్ను విడివిడిగా పిలిపించాడు. ఆరు నిజమైతే ఏడోది అనుమతి లేకుండా కట్టింది, పడగొట్టాలి. ఏడు నిజమైతే చెంగల్రాయన్ ముప్పై రెండేళ్ళు అబద్ధం చెప్పాడు, పింఛను లేదు. ఆ ఏడోదాన్ని మాత్రమే పడగొట్టాలని, రాకపోకలు ఆగకూడదని సుందరమూర్తి అప్పటికే రాసి పెట్టాడు.

బయటికి రాగానే మామ మీద విసుక్కున్నాను. "ఎట్లా ఎంచినావు మామా?"

"మా నాయన వడ్లు కొలిచినట్టే. మొదటి కుంచం లాభం. అది దేవుడిది, లెక్కలో రాదు. ఆ మీదనే ఒకటి, రెండు."

మా ఇంట్లోనూ లాభంతోనే మొదలుపెడతాం, కానీ దాని తరువాత రెండు అంటాం. ఈయన నాన్న దేవుడికి విడిగా ఇచ్చే రకం కాబోలు.

"ఆ మాట దొరకు చెప్పకపోయినావా?"

"చెప్పినా. దేవుడి కమాను యా దస్త్రంలో ఉండాదని అడిగినాడు." ఆయన తలపాగా విప్పి చేతిలోకి తీసుకున్నాడు. "కొలువు అయిపోతే కావలి గుడిసె గూడా పోతాది. పింఛను లేకుంటే మీ అత్తను యాడ పెట్టేది?"

వెనక్కి వెళ్ళి, తప్పు నాదేనని దొరతో చెప్పాను. గాజుపలక మీద ఒక కమాను రెండుసార్లు పడిందని, మళ్ళీ తీస్తానని అన్నాను. దొర వెంటనే నమ్మాడు. ఏ దస్త్రమూ దిద్దనక్కర్లేని అబద్ధం అది.

సాయంత్రం మళ్ళీ ఏటి ఒడ్డున కెమెరా నిలబెట్టాను.

"మామా, ముందుకొచ్చి నిలబడు."

"నిన్న పక్కకు పొమ్మంటివే?"

"ఈసారి నువ్వు లేకుంటే పని జరగదు."

మనిషి బక్కపలచన, కమాను వెడల్పు. ఆయన్ని ఒక్కో అడుగే కెమెరా వైపు జరిపాను, గొడుగు కూడా తెరిపించాను. చివరికి మొదటి కమాను ఆయన వెనక పూర్తిగా మాయమైంది. తలపాగా మీద కాకి వాలినా ఆయన కదల్లేదు.

దొర ఫోటోలో ఆరు లెక్కపెట్టుకుని పింఛను కాగితం మీద సంతకం చేశాడు. వంతెన కంటే పెద్దగా నిలబడ్డ ఈ మనిషి ఎవరని అడగలేదు.

ఇంకో ప్రతి తీసి గుడిసెకు తీసుకెళ్ళి చెంగమ్మత్త చేతికిచ్చాను. "యాడ ఏడోది?" అని ఆమె కంగారుపడింది. చెంగల్రాయన్ పక్కన కూర్చుని ముందుగా తన బొమ్మ మీద వేలు పెట్టాడు.

"లాభం," అన్నాడు.

ఆ తరువాత ఒక్కో కమాను మీదా వేలు జరుపుతూ ఒకటి నుంచి ఆరు దాకా ఎంచాడు.