ఉల్లిపాయల నల్లపొట్టు

“ఈసారి మాంసం వద్దక్కా, గుమ్మడికాయ చేద్దాం” అంది మా తోటికోడలు. నేనప్పుడు అత్తగారి వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్నాను. ఆ ఇంటికి ఎప్పుడు వెళ్ళినా నా ముందుకు ఏదో ఒకటి ఒలవడానికో తరగడానికో వస్తుంది. ఎవరూ చెప్పరు. పళ్ళెం జరుపుతారు, అంతే.

సెలవుల భోజనానికి ఇంకో వారం ఉంది. ఏటా ఆ రోజు అన్నదమ్ములిద్దరూ పెళ్ళాం పిల్లలతో ఇక్కడ చేరతారు. బల్ల మీద ఎన్ని రకాలున్నా మధ్యలో మాత్రం ఒకటే గిన్నె. దాన్ని ఇంట్లో అందరూ పెద్దవంట అంటారు. నేను ఈ ఇంటికి వచ్చిన ఏడు నుంచీ ఆ గిన్నెలో ఉన్నది మాంసమే. మొదటి ఏడు తప్ప వండింది నేనే. మూత తీసి అందరికీ వడ్డించేది మాత్రం మా అత్తగారు. “అమ్మ మాంసం” అంటారు మావాళ్ళు దాన్ని.

తోటికోడలు పళ్ళ డాక్టరు. మామగారికి డాక్టరు మాంసం తగ్గించమన్నాడనీ, తన కూతురు ఈ ఏడు మాంసం పూర్తిగా మానేసిందనీ చెప్పింది. గుమ్మడికాయ పైభాగం మూతలా కోసి, లోపల గింజలు తీసేసి, సగం ఉడికిన అన్నం, పుట్టగొడుగులు, వేయించిన పప్పులు కూరి, మళ్ళీ మూత పెట్టి ఓవెన్లో కాల్చాలట.

“మామూలు రోజుల్లో గుమ్మడికాయ పెడితే అలుగుతాం. సెలవు పూట దానికి టోపీ పెట్టి బల్ల ఎక్కిస్తారా?” అన్నాడు మా మరిది, వాకిట్లోంచి.

“నువ్వు తినకు. నీ వాటా మామయ్యకి పెడతాను” అంది తను.

“నాకెందుకమ్మా” అన్నారు మామగారు పేపరు వెనక నుంచి. “నా కొలెస్ట్రాల్ పేరు చెప్పుకుని మీరు తినండి.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత తోటికోడలు ఫోన్ తీసింది. స్పీకర్ పెట్టి, ఫోన్ని ఉప్పు డబ్బాకి ఆనించి, చేతులు కడుక్కుంటూ మాట్లాడింది.

“అమ్మా, గుమ్మడికాయ ఎంతది తీసుకోవాలి?”

“నీ తలంతది తీసుకో. పదిమందికి సరిపోతుంది.”

“ఉప్పు?”

“చేత్తో చూసి వెయ్యి. ఎన్నిసార్లు చెప్పాలే? మళ్ళీ ఉప్పు ఎక్కువైందని నాకే ఫోన్ చేస్తావు. పక్కన మీ అక్క ఉందా? ఆవిడని చూడమను. నిన్ను నమ్మి పొయ్యి అప్పగించలేను.”

“ఉందిలే అమ్మా. సరే, రాత్రికి మళ్ళీ ఫోన్ చేస్తాను” అని పెట్టేసింది. అంత తేలిగ్గా. ఆ ఫోన్ మళ్ళీ ఎత్తుతారని ఎవరికి గట్టి నమ్మకం ఉంటుందో వాళ్ళే అలా పెట్టేయగలరు.

“మీ అమ్మగారిది మంచి చెయ్యి” అంది మా అత్తగారు. “మాటలోనే తెలుస్తుంది.”

అసూయ అంటే ఏమిటని బడిలో పిల్లలు అడిగితే, ఇతరులకు ఉన్నది మనకు లేదని కలిగే బాధ అని చెబుతూ వచ్చాను. ఆ అర్థం చాలదని ఆ వంటింట్లో తెలిసింది. తోటికోడలి జీతం నాకంటే ఎక్కువ, నేనెప్పుడూ కుళ్ళుకోలేదు. మా మరిది ఇంట్లో కూరలు తరుగుతాడు, గిన్నెలు కడుగుతాడు. అది చూసి కాస్త కుళ్ళుకున్న మాట నిజమే గాని నిద్ర మాత్రం పాడుచేసుకోలేదు. ఇది వేరు. ఉప్పు డబ్బాకి ఆనించిన ఆ ఫోన్ మీంచి చూపు తిప్పుకోలేకపోయాను. వెల్లుల్లి రేకలో గోరు దిగేదాకా నొక్కాను. ఆమెకి ఉన్నది నాకు కూడా ఉండేది. నా ఫోన్లో ఆ నంబరు ఇంకా ఉంది. తీసేయలేదు.

మా అమ్మ ఈ వానాకాలంలో పోయింది. “వయసైంది కదా, మంచం పట్టకుండా వెళ్ళిపోయారు, అదృష్టవంతురాలు” అన్నారు మావారు. ఆయన మంచిగానే అన్నారు. అత్తగారు నాలుగు రోజులు ఊరుకుని, “బడికి ఎప్పుడెళ్తావు? ఖాళీగా కూర్చుంటే దిగులే” అంది. ఖాళీగా కూర్చున్న నేను ఆ నాలుగు రోజులూ ఇంట్లో అందరికీ వండాను. హెడ్మాస్టరు గారు, “మీ బాధ అర్థమైంది టీచర్, మార్కులు మాత్రం సోమవారానికి ఇచ్చేయండి” అన్నారు. ఇచ్చేశాను. నా దుఃఖం ఎవరి పనికీ అడ్డం రాలేదు. దానికి నన్ను అందరూ మెచ్చుకున్నారు కూడా.

గుమ్మడికాయ మీద మా అత్తగారికి కోపం వచ్చిందని ఆమె చీర కుచ్చిళ్ళు సర్దుకోవడంలోనే తెలిసింది. వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

“చెయ్యి డాక్టరమ్మా, కాదనను. పక్కన ఒక రకంగా ఉంటుంది. పెద్దవంట మాత్రం మార్చేది కాదు. అది మా అత్తగారి నుంచి వచ్చింది. మాంసం ఎవరైనా వండుతారు. ఇందులో కిటుకంతా ఉల్లిపాయలది. పొట్టు తియ్యకుండా, కొయ్యకుండా ఉల్లిపాయలు మంట మీద పెట్టి నల్లగా కాలనివ్వాలి. అప్పుడు పైపైన తుడిచి, నూరి, మాంసానికి పట్టించాలి. మా వంశంలో తప్ప ఎక్కడా చెయ్యరు. మీకిద్దరికీ తెలియాలనే చెబుతున్నాను. రేపు నేను లేకపోయినా ఇది నిలవాలి.”

నేను తలెత్తి ఆమెని చూశాను. అబద్ధమాడుతున్న మనిషి ముఖం కాదు అది. పూర్తిగా నమ్మి చెబుతోంది.

నేను ఈ ఇంటికి వచ్చిన ఏడు పెద్దవంట ఆవిడే వండింది. తోలు నమిలినట్టుండేది. అప్పటికి చదువుకుంటున్న మా మరిది ముక్కలు చేతిరుమాల్లో దాచి బయట పారేయడం నేను చూశాను. మరుసటి ఏడు ఆవిడకి నడుము పట్టేసి, పని నా చేతికొచ్చింది. మా ఇంట్లో అమ్మ చేసినట్టే కొయ్యని ఉల్లిపాయలు మంట మీద పెట్టాను. ఆ వాసనకి మంచం దిగి వచ్చింది అత్తగారు. “మీ ఇంట్లో ఉల్లిపాయలు మాడ్చుకు తింటారా? మీ అమ్మ నేర్పింది ఇదేనా?” అంది. నేను ఉల్లిపాయలు తిప్పుతూనే ఉన్నాను. ఆ రోజు గిన్నె అడుగు కనబడింది. ఆ తర్వాతి ఏడు “ఆ మాడు ఉల్లిపాయలు వెయ్యి టీచరమ్మా” అంది. ఇంకో రెండేళ్ళకి వచ్చిన చుట్టాలతో “మన ఉల్లిపాయలు” అంటోంది. మావారు పక్కనే ఉన్నారు. ఆయనకి అప్పటికే “అమ్మ చేతి రుచి” అలవాటైపోయింది. మా అమ్మకి చెబితే నవ్వింది. “తిననీయవే. తిన్నవాళ్ళ నోట్లో నా పేరుండాలా ఏంటి?” అంది. అమ్మ ఉన్నంతకాలం ఆ మాట నాకు సరిపోయింది. పేరు లేకపోయినా మనిషి ఉంది కదా.

“అత్తయ్యా” అంది తోటికోడలు. “తిన్నప్పుడు మధ్యమధ్యలో నల్లనల్లగా తగులుతుంది. అది పొట్టేనా? పూర్తిగా తీసెయ్యకూడదా?”

“తియ్యకూడదు. కొంచెం ఉండాలి.”

“ఎందుకు?”

“ఎందుకేమిటి? అది అలాగే చెయ్యాలి. మా అత్తగారు అలాగే చేసేవారు.”

పరీక్ష పేపర్లు దిద్దేవాళ్ళకి తెలుసు. ఒకరిని చూసి ఇంకొకరు రాశారని సరైన జవాబులు చూసి చెప్పలేం. సరైన జవాబు ఎవరు రాసినా ఒకేలా ఉంటుంది. ఇద్దరి కాగితాల్లోనూ ఒకే తప్పు ఒకే చోట కనబడినప్పుడు పట్టుకుంటాం. ఆ నల్లపొట్టు మా అమ్మ తప్పు. ఆమెకి చిన్నప్పుడు జబ్బు చేసి చూపు మందగించింది. కాలిన ఉల్లిపాయల్ని తడిమి తడిమి తుడిచేది. ఎంత తుడిచినా కాస్త మిగిలిపోయేది. కనబడేది కాదు ఆమెకి. ముద్దలో నల్లముక్క వస్తే మేం పిల్లలం నాలుకతో పక్కకి నెట్టేవాళ్ళం. అమ్మ బాధపడుతుందని ఎవరమూ చెప్పలేదు. పెద్దయ్యాక నాకు ఆ చేదు లేకపోతే అది అమ్మ వంటగా అనిపించలేదు. చూపు బాగానే ఉన్న నేను కావాలని కొంచెం పొట్టు వదిలేస్తూ వచ్చాను. ఇప్పుడు అది ఒక వంశం ఆచారమై నా ఎదురుగా కూర్చుని నాకే పాఠం చెబుతోంది.

ఇప్పుడు తోటికోడలి గుమ్మడికాయ బల్ల మీదికి వస్తుంది. వచ్చేముందే దానికో పేరుంది. “వాళ్ళమ్మగారి గుమ్మడికాయ.” మా మరిది వేళాకోళం చేస్తూనే తింటాడు, ఆ అమ్మగారికి ఫోన్ చేసి బాగుందని చెబుతాడు. ఆవిడ ఫోన్ ఎత్తుతుంది. మా అమ్మ వంట ఇన్నేళ్ళూ ఈ బల్ల మధ్యలో కూర్చుంది, అమ్మ పేరు మాత్రం ఒక్కసారి కూడా రాలేదు.

మావారు లోపలికి వచ్చారు. “ఏం తేల్చారు? పెద్దకోడలివి, నువ్వే చెప్పెయ్. వండేది నువ్వే కదా, నీకు ఏదైనా ఒకటే.”

“మాంసమే అంటుంది” అంది అత్తగారు. “తనకి తెలుసు ఈ ఇంటి పద్ధతి.”

తోటికోడలు నా వైపు చూసింది. ఆశ వదులుకున్న చూపు. మాంసం అంటే నేను గెలిచినట్టే. ఆ గుమ్మడికాయ పక్క గిన్నెల్లోకి పోతుంది, నా కడుపుమంట చల్లారుతుంది. ఆ మాట నా నాలుక చివరే ఉంది. చెబితే మళ్ళీ ఆ రోజు తెల్లవారకముందే లేచి ఉల్లిపాయలు కాల్చాలి. మూత ఆవిడ తియ్యాలి. మావారు ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకోవాలి, “అమ్మ చెయ్యి అమ్మ చెయ్యే” అనాలి. నేను చేతిలో గరిటెతో నిలబడి వినాలి. అమ్మ పోయిన ఏడాది కూడా.

“గుమ్మడికాయ చేద్దాం” అన్నాను.

“మరి మన మాంసం?” అంది అత్తగారు.

“అది మా అమ్మది అత్తయ్యా.” నా గొంతు క్లాసులో ఉన్నట్టే ఉంది. “మీరు మరిచిపోయారు. మీ ఇంట్లో ఉల్లిపాయలు మాడ్చుకు తింటారా అని నన్ను అడిగారు. అవును, తింటాం. పొట్టు ఎందుకుంటుందో ఇందాక తను అడిగింది కదా. మా అమ్మకి కళ్ళు సరిగ్గా కనిపించేవి కావు. అందుకు ఉంటుంది.”

మామగారు పేపరు మడిచారు. అత్తగారి చెయ్యి కుచ్చిళ్ళ దగ్గరే ఆగిపోయింది. ఆమె ముఖంలో కోపం కోసం చూశాను. అక్కడ వెతుకులాట కనబడింది, ఎప్పుడో పెట్టిన వస్తువు పెట్టిన చోట లేనట్టు.

“ఇప్పుడా మాట ఎందుకు? సెలవులకి అందరం సరదాగా...” అన్నారు మావారు.

“సరదాగానే చేద్దాం. తను చేస్తుంది, నేను కూర్చుని తింటాను. మాంసం ఇకనుంచి మా అమ్మ పోయిన రోజున అక్కడ మనింట్లో వండుతాను. మూత నేను తీస్తాను. రావాలనుకున్నవాళ్ళు రావచ్చు.”

ఒలవని వెల్లుల్లి పళ్ళెంలో ఇంకా సగం ఉంది. దాన్ని బల్ల మధ్యకి జరిపాను. తోటికోడలు వచ్చి పక్క కుర్చీలో కూర్చుని ఒక గడ్డ తీసుకుంది. ఆమె మీద అసూయ పోలేదు. ఆ ఫోన్ ఇంకా ఉప్పు డబ్బాకి ఆనుకునే ఉంది, రాత్రికి అందులో మళ్ళీ ఆ అమ్మ పలుకుతుంది. కాసేపు ఇద్దరం ఒలిచాం. తర్వాత తను తల ఎత్తకుండానే, ఈ ఇంట్లో ఇన్నేళ్ళలో ఎవరూ అడగనిది అడిగింది.

“మీ అమ్మగారి పేరేంటక్కా?”

చెప్పాను. వాకిట్లోకి కూడా వినబడేలా చెప్పాను.