కాగితం మీద డార్లీన్

జీతం అనే మాట వింటేనే డార్లీన్‌కి ఒళ్లు మంట. నాక్స్‌విల్ ఊరి చివరి డైనర్‌లో పందొమ్మిదేళ్లుగా వడ్డిస్తోంది. యజమాని ఇచ్చేది గంటకి రెండు డాలర్ల పదమూడు సెంట్లు. మిగతాదంతా తిన్నవాళ్లు బల్ల మీద వదిలిపోయే టిప్పులే.

"జీతానికి చేసేవాళ్లు గుమాస్తాలమ్మా. నేను కళాకారిణిని" అనేది. కళ లేకపోలేదు మరి! నాలుగు వెంట్రుకలు మిగిలిన ముసలాయన్ని కూడా "ఈ జుట్టుకి ఏం రాస్తారండీ?" అని అడిగేది. ఆదివారం చర్చి నుంచి వచ్చిన గుంపు డబ్బుకి బదులు ప్రార్థన చీటీ పెట్టి పోతే, నవ్వుతూ తలుపు దాకా సాగనంపి, వెనక్కి తిరిగి వాళ్ల ఏడు తరాలనూ తిట్టేది.

అంతకంటే పెద్ద కళ ఇంకోటుంది. వచ్చిన టిప్పుల్లో సగానికి పైగా లెక్కల్లో చూపించేది కాదు. చట్టానికి ఎంత చాలితే అంతే రాసేది. "నా పళ్లేలు ప్రభుత్వం మోసిందా ఏమిటి?" అని పన్ను ఎగ్గొట్టినందుకు మురిసిపోయేది.

ఇంత కళాకారిణీ విడాకులయ్యాక రెండేళ్లుగా చెల్లెలి ఇంట్లో సోఫా మీద పడుకుంటోంది. మరిది పొద్దున్నే లేచి ఆమె తల పక్కనే టీవీ పెడతాడు. డార్లీన్‌కి ఇప్పుడు లోకంలో కావలసింది ఒక్కటే, తన తలుపుకి తన తాళం. మిల్లు వీధిలో రెండు గదుల ఇల్లు చూసుకుంది. అద్దె తొమ్మిది వందలు. ఆ సాయంత్రమే వెళ్లి ఖాయం చేసుకోవాలి.

సరిగ్గా ఆ రోజే కొత్త యజమాని హోల్‌బ్రుక్ అందరినీ పిలిచాడు. టిప్పులు బంద్, అందరికీ గంటకి పద్దెనిమిది డాలర్ల జీతం, కావాలో వద్దో చేతులెత్తి చెప్పండి, ఎక్కువమంది మాటే చెల్లుతుంది అన్నాడు.

"మంచు పడితే ఒక్కడూ రాడు, ఆ వారం నా పిల్లలు ఏం తినాలి? ఒప్పుకోండి డార్లీన్ గారూ!" అంది ఇద్దరు పిల్లల తల్లి టమీకా.

"నవ్వడం నేర్చుకో బంగారం, వాళ్లే తింటారు" అంది డార్లీన్. "నాకు టిప్పులే నెలకి మూడు వేలకి తగ్గవు. ఈయన జీతం ఎవడిక్కావాలి?"

నలుగురు కావాలన్నారు. అయిదుగురు వద్దన్నారు. అయిదో చెయ్యి డార్లీన్‌దే. టమీకా ఏప్రాన్ విప్పి బల్ల మీద కొట్టి బయటికెళ్లిపోయింది.

సాయంత్రం ఆ ఇంటి అద్దె ఆఫీసులో స్పివీ గారు కూర్చున్నారు. ప్రతి బుధవారం డైనర్‌లో పీచ్ పండ్ల కేకు తినే మనిషే. డార్లీన్ ప్రాణం లేచొచ్చింది. ఆయన ఆమె జీతం చీటీలు తిరగేసి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"అద్దెకి మూడింతల రాబడి చూపించాలమ్మా. ఇందులో నెలకి పన్నెండు వందలే ఉంది."

"అయ్యో దేవుడా, అది ఉత్తిదండీ! మీకు తెలీదూ? మీరే ఎన్నిసార్లు టిప్పు పెట్టారు!"

"నాకు తెలుసు. నా పై వాళ్లకి కాగితమే తెలుసు. ఇది రాసిందెవరు?"

డార్లీన్ ఆ చీటీలు తన వైపు లాక్కుంది.

"పోనీ, ఎక్కడైనా గంటకి పద్దెనిమిది ఇచ్చే చోట చేరరాదూ? ఆ చీటీ తెస్తే ఆ రోజే తాళాలిచ్చేస్తాను" అన్నారు స్పివీ గారు, పాపం, ఏమీ తెలియక.

ఆమె ముఖం చూసి ఆయనకే జాలేసింది. జేబులోంచి అయిదు డాలర్ల నోటు తీసి, మొహమాటంగా బల్ల అంచున పెట్టారు.

డార్లీన్ చెయ్యి దానంతటదే వెళ్లి నోటు అందుకుంది. పెదాలు వాటంతటవే విచ్చుకున్నాయి. "థాంక్యూ బంగారం, మళ్లీ రండి!" అనేసింది, ఆయన ఆఫీసులో, ఆయన కుర్చీ ఎదుట నిలబడి.

అన్నాక గానీ తానెక్కడుందో తట్టలేదు. ఏడుపు ముంచుకొచ్చింది. నోటు మాత్రం వదల్లేదు.